ఆరించుల కుండీ

ముందే చెప్తున్నాను. ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాచారం చివరి ఫ్యాక్టరీ గేటు దాకా ఉన్న ఇనుప సామాన్ల కొట్లన్నీ నాకు కొట్టిన పిండి. ఏ కొట్లో ఏ డబ్బాలో ఏ స్క్రూ ఉంటుందో కళ్ళకి గంతలు కట్టినా తీసి చూపిస్తాను. కుళాయి లోపలి వాషరు అరిగిపోతే, పాతదాన్ని చిటికెన వేలికి ఉంగరంలా తొడుక్కుని వెళ్ళి సరిగ్గా దాని కవలపిల్లని తెచ్చేవాణ్ణి. ఒకసారి కొట్టువాడు ఇచ్చిన నట్టుని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, "ఇది మా ఇంటి బోల్టుతో సంసారం చెయ్యదు" అని అక్కడికక్కడే వెనక్కిచ్చేశాను. ఇన్నేళ్ళలో తప్పుడు సామాను పట్టుకుని మా ఇంటి గుమ్మం ఎక్కిన మనిషిని కాను.

ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

నా పేరు నరసింహమూర్తి. తణుకు దగ్గర పల్లెలో వీధిబడి చదువు నాది. ఆ చదువుతోనే హైదరాబాదు వచ్చి, నాచారంలో ఒక సబ్బుల ఫ్యాక్టరీ గేటు దగ్గర టైముకీపరుగా కూర్చుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తూ రిటైరయ్యాను. రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో బోరు, బోరు పక్కన స్నానాలగది. ఆ బోరు నీళ్ళ సంగతి నాచారంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. బిందె అడుగుని తినేస్తాయి, గిన్నె అంచుని తినేస్తాయి. మా స్నానాలగది తలుపు గడియని కూడా ఎన్నాళ్ళనుంచో కొరుక్కు తింటున్నాయి కాబోలు, ఒక రోజు లాగేసరికి అది రెండు ముక్కలై సగం తలుపుకీ సగం నా చేతికీ వచ్చింది.

ఇంకో రోజైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ ఇంట్లో అక్క ఉంది.

మా సూర్యకళక్క స్కూల్లో కుట్టు టీచరుగా పనిచేసింది. సూదిలోకి దారం ఎక్కించినంత సూటిగా మాట్లాడుతుంది. పిల్లల్లేరు. బావగారు పోయాక, "ఇంక నా దగ్గరే ఉండు" అని ఎంతో బతిమాలితే వచ్చింది. వచ్చింది కానీ ఉంటానని అనలేదు. "కొన్నాళ్ళు చూసి చెప్తానురా" అంది. బట్టల సంచీని మంచం కింద పెట్టకుండా తలవైపు గోడకి ఆనించి ఉంచుకుంది. రోజూ పొద్దున్న లేవగానే ఆ సంచీ అక్కడే ఉందా, కిందికి దిగిందా అని చూడటం నాకు అలవాటైపోయింది. ఎందుకంటే ఈ భూమ్మీద నన్ను "ఒరేయ్" అని పిలిచే మనిషి ఇక అక్క ఒక్కతే. నేను చెప్పే కోతల్లో ఏది ఎక్కడ మొదలైందో తెలిసిన మనిషీ ఆవిడే.

గడియ విరిగాక అక్క స్నానానికి వెళ్తే మా ఆవిడ కనకమహాలక్ష్మి తలుపు బయట కాపలా నిలబడేది. నన్ను వీధిలోకి తరిమేసేవాళ్ళు. "ఇవాళ వేయిస్తాను, రేపు వేయిస్తాను" అంటూ నేను టీ బండి దగ్గర కబుర్లలో పడి తిరుగుతున్నాను. ఒక పొద్దున్న పొయ్యి మీద పాలు పొంగాయని కనకం అటు పరిగెత్తింది. అదే సమయానికి గాలి వీచింది, తలుపు బార్లా తెరుచుకుంది. పక్క సందులోంచి నీళ్ళ బిందెలతో వెళ్తున్న ఆడవాళ్ళు చూశారు. చూసింది ఆడవాళ్ళే. అయినా అక్క బయటికి వచ్చి తల తుడుచుకుంటూ, కోపం లేని గొంతుతో అంది:

"మూర్తీ, నేను సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాను."

కోప్పడి ఉంటే భయపడేవాణ్ణి కాదు.

"గడియ వేయిస్తానక్కా, ఇవాళే."

"నాలుగు రోజుల్నుంచీ వేయిస్తూనే ఉన్నావు. ఈ వయసులో కాపలా పెట్టుకుని స్నానం చేసే ఖర్మ నాకెందుకురా?"

"ఇవాళ బంద్ కదా వదినగారూ, రైళ్ళు నడుస్తాయో లేదో" అంది కనకం.

"సాయంత్రానికి నడుస్తాయట. సికింద్రాబాదు దాకా ఆటో దొరికితే చాలు."

అవి రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. ఉద్యమం ఊపు మీద ఉంది. వారంలో ఏ రోజు కొట్లు తెరుస్తారో ఏ రోజు తెరవరో పంచాంగం చూసినా తెలిసేది కాదు. మిగతా రోజులన్నీ టీ బండికి ఇచ్చేసి, సరిగ్గా బంద్ రోజున నేను ఇనుప సామాను కోసం బయల్దేరాను. విరిగిన గడియ ముక్క జేబులో వేసుకుని సైకిలెక్కాను.

నాచారం మెయిన్ రోడ్డు మీద ఒక్క షట్టరు లేచి లేదు. ఎప్పుడూ లారీల మోతతో ఉండే రోడ్డు మీద కుక్కలు అడ్డంగా పడుకున్నాయి. ఈ కొట్టు, ఆ కొట్టు, సందులోపలి కొట్టు, అన్నీ చూశాను. మల్లాపూర్ వైపు వెళ్ళి వెనక్కి వచ్చాను. హెచ్ఎంటీ నగర్ వైపు తిరిగి వచ్చాను. ఎక్కడ ఆగినా కాలు నేల మీద నిలవడం లేదు. ఇంటి దగ్గర అక్క చీరలు మడత పెడుతూ ఉంటుందనే ఆలోచనే నా చేత పెడల్ తొక్కిస్తోంది.

చివరికి దుర్గేష్ కొట్టు దగ్గర షట్టరు కింద జానెడు సందు కనిపించింది. దుర్గేష్ నాకు తెలిసినవాడే. వంగి పిలిచాను.

"దుర్గేష్, ఒక్క గడియ ఇయ్యి నాయనా."

"బంద్ ఉన్నది సార్" అంది లోపలి గొంతు. "రేపు రాండ్రి."

"నాకు రేపు లేదయ్యా. ముక్క తెచ్చాను, చూడు." షట్టరు కిందనుంచి గడియ ముక్కని లోపలికి తోశాను. లోపల దాన్ని అటూ ఇటూ తిప్పిన చప్పుడైంది. తరవాత ముక్క మళ్ళీ బయటికి జారింది.

"గిది మా తాత కాలంది సార్. గీ మోడల్ ఇప్పుడు రాదు. వేరేది వెడ్తే బెజ్జాలు గలవయి."

"కలవకపోతే కలవకపోయాయి. ఏదో ఒకటి అమ్ము."

"అమ్మను సార్. ఇయ్యాల బేరం జెయ్యొద్దని అందరం మాటిచ్చుకున్నం. సుట్టముగ వస్తే లోపలికి రాండ్రి, చాయ్ తాపిస్త. గడియ మాత్రం రేపే."

మాట ఇచ్చినవాణ్ణి ఏమంటాం? ఇంటికి వచ్చి వెనకసందు సాంబయ్యని లేపాను. జనగామ వైపు మనిషి. తలుపులు చేసే కార్ఖానాలో వడ్రంగి. బంద్ పుణ్యమా అని మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. కళ్ళు నులుముకుంటూ వచ్చి, తలుపు ఊపి చూసి, గుమ్మం చట్రంలోకి గోరు గుచ్చాడు. గోరు వెన్నలోకి దిగినట్టు దిగింది.

"చౌకట్ మొత్తం మెత్తవడ్డది సార్. మీరు గడియ తెచ్చినా ఈడ స్క్రూ వట్టది."

"మరెలా సాంబయ్యా? అక్క సాయంత్రం వెళ్ళిపోతానంటోంది."

"ఫికర్ జెయ్యకుండ్రి. గీడ మంచి కుండి వెడితె అయిపాయె. కుండి వడ్డదంటె ఏనుగొచ్చి గుద్దినా తలుపు తెరుసుకోదు."

"కుండీనా?"

"ఆఁ, కుండే. జర బరువున్నది తేండ్రి. అల్కటిది తెస్తే నెలకే పాడైతది. ఆరించులది సాలు. మీరు తెచ్చి వెట్టుండ్రి, నేను పొద్దుగూకేటాల్లకు వచ్చి సూస్త."

కుండీ అంటే నాకు తెలిసింది ఒక్కటే, మొక్కలు వేసుకునేది. ఒక్క క్షణం తెల్లబోయాను. కానీ నా బుర్ర ఆగదు కదా. చట్రానికి స్క్రూ పట్టదన్నాడు. కాబట్టి స్క్రూ అక్కర్లేని ఉపాయం చెప్పాడు. తలుపు లోపలివైపు బరువైన కుండీ ఒకటి అడ్డం పెడితే గాలి కాదు, ఏనుగు తోసినా తెరుచుకోదు. ఎంత తేలిక, ఎంత తెలివి అనుకున్నాను. మళ్ళీ అడిగితే నాకు తెలియదని అతనికి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళ నా పేరు ఏం కావాలి? అందుకని అంతా అర్థమైనట్టు తలూపాను. ఒక్క ఆరించుల దగ్గరే నాకూ సాంబయ్యకీ మనసులో తేడా వచ్చింది. ఆరించుల కుండీ పిల్లిని కూడా ఆపదు. ముసలివాణ్ణి, మోయలేనని జాలిపడి చిన్నది చెప్పి ఉంటాడు. నేను పెద్దదే తెస్తాననుకున్నాను.

ఇనుప కొట్లు మూసేస్తారు కానీ మొక్కల్ని మూసేసేవాళ్ళు ఎవరూ లేరు. ఉప్పల్ రింగు రోడ్డు దాటి పీర్జాదిగూడ దోవలో రోడ్డు పక్క నర్సరీలుంటాయి. మెట్రో స్తంభాలు ఇంకా వెయ్యని రోజులు, రోడ్డంతా ఖాళీ. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. ఒక నర్సరీలో వెంకటనర్సమ్మ అనే ఆవిడ పైపుతో మొక్కలకి నీళ్ళు పడుతోంది.

"అమ్మా, కుండీ కావాలి. బరువైనది."

"ఏం చెట్టుకు?"

"చెట్టుకి కాదమ్మా, బాత్రూముకి."

ఆవిడ పైపు కింద పడేసింది. "బాత్రూంల పూలచెట్టు వెడ్తవా తాత?"

"చెట్టు లేదు. తలుపుకి అడ్డం పెట్టడానికి."

"బాత్రూంల ఏం దొంగలు వడ్తరు?"

"దొంగలు కాదమ్మా, మా అక్క ఉంది."

"అయ్యో, మీ అక్క రాకుండ అడ్డం వెడ్తవా? గదేం బుద్ధి?"

"రాకుండా కాదు, పోకుండా."

ఆవిడకి ఏం అర్థమైందో, నన్ను కాసేపు ఎగాదిగా చూసి, మూలనున్న సిమెంటు కుండీని దొర్లించుకుంటూ తెచ్చింది. ఇద్దరం కలిసి సైకిలు వెనక క్యారేజీ మీద పెట్టి తాడుతో కట్టాం.

"దించేటప్పుడు పైలం తాత. గిది లేపితే నడుం వట్టేస్తది" అంది.

ఆ మాట అప్పుడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాననే అనుకున్నాను.

రింగు రోడ్డు దాటి హబ్సిగూడ దగ్గరికి వస్తున్నానో లేదో వెనక చక్రం చచ్చింది. పంక్చరు కొట్లన్నీ బంద్. ఎండ వాలుతోంది. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో కుండీ పట్టుకుని తోస్తుంటే సైకిలు ఒక పక్కకి, నేను ఒక పక్కకి. అక్క సంచీ భుజాన వేసుకుని వీధి చివర ఆటో కోసం నిలబడినట్టు కళ్ళ ముందు కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు ఎదురుగా డప్పులు మోగాయి. ఒక వ్యాను, దాని చుట్టూ కుర్రాళ్ళు, జెండాలు. నన్ను చూసి ఆగారు.

"ఏంది తాత, గా కుండి ఏడికి?"

నాకు తెలిసిన తెలంగాణ అంతా గొంతులోకి తెచ్చుకున్నాను. "ఇంటికి బిడ్డా, అర్జంటుగ గావాలె."

కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "తాతా, నీ గావాలె గోదాట్ల మునిగి వచ్చినట్టున్నది" అన్నాడు ఒకడు. "ఏ ఊరు?"

"నాచారం."

"నాచారంకు ముందు?"

ఇక దాచి లాభం లేదు. "తణుకు దగ్గర" అన్నాను. డప్పు ఆగింది. నేను కుండీని గట్టిగా పట్టుకున్నాను.

"మా లెక్కల సారుది గూడ తణుకే" అన్నాడు వాళ్ళలో గడ్డపు కుర్రాడు. "మస్తు చెప్పిండు, మస్తు గొట్టిండు. అరేయ్, తాతను ఎక్కించుండ్రి."

మరుక్షణంలో నేను, నా సైకిలు, నా కుండీ వ్యాను మీద ఉన్నాం. డప్పులవాళ్ళ పక్కన కూర్చుని కుండీని ఒళ్ళో పెట్టుకున్నాను. ఒకడు దాంట్లో వేపకొమ్మ గుచ్చాడు. బాల్కనీల్లోంచి జనం చేతులూపారు. నాచారం మలుపులో ఒక పెద్దాయన నన్ను ఎవరో నాయకుణ్ణనుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మర్యాద కదా, నేనూ పెట్టాను. మా ఇంటి ముందుదాకా ఊరేగించి మరీ దింపారు.

నమ్మడం లేదు కదూ. ఈ కథలో నేను కల్పించింది ఒకటి ఉంది, ఒప్పుకుంటాను. అది ఏదో చివర్లో చెప్తాను.

కుర్రాళ్ళు కుండీని మా గుమ్మం ముందు దించి వెళ్ళారు. అక్క వరండాలో కుర్చీలో ఉంది. చీర మార్చుకుంది. సంచీ ఒళ్ళో ఉంది. కనకం పక్కన నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఇద్దరి టీ గ్లాసులూ నిండుగానే ఉన్నాయి. సాంబయ్య సంచీలో పనిముట్లతో మెట్టు మీద కూర్చున్నాడు.

"కుండి తెచ్చిన్రా సార్?"

"తేకుండా వస్తానా?"

సాంబయ్య నా చేతులు చూశాడు. జేబులు చూశాడు. "ఏది?"

కుండీ వైపు చూపించాను. అతను లేచి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వేపకొమ్మని కాస్త పక్కకి జరిపి లోపలికి తొంగి చూశాడు.

"గిదేంది సార్?"

"కుండీ. నువ్వు ఆరించులన్నావు. నేనే కాస్త పెద్దది చూశాను."

సాంబయ్య మళ్ళీ మెట్టు మీద కూలబడ్డాడు. "సార్, కుండి అంటె గొళ్లెం. తలుపుకు బిగిచ్చే ఇనుప గొళ్లెం. మా దిక్కు గట్లనే అంటం. మీరు చెట్టుకు వెట్టే కుండి తెచ్చిన్రు."

"మరి స్క్రూలు పట్టవన్నావు కదయ్యా."

"కుండికి బోల్టులుంటయి సార్. చౌకట్ల నుంచి ఆర్పార్ తీసి అవుతలకెల్లి నట్టు బిగిస్తం."

"బరువుది తెమ్మన్నావు కదయ్యా" అంది కనకం, నా పరువు కాపాడాలని.

"బరువు విషయంల సార్‌ది తప్పేం లేదమ్మా" అన్నాడు సాంబయ్య.

మొదట్లో ఒక మాట గుర్తుంచుకోమన్నాను కదా, ఇక దాన్ని మర్చిపోండి. గడియకి బదులు పూలకుండీ తెచ్చి, దాన్ని డప్పులతో ఊరేగించుకొచ్చినవాణ్ణి ఈ రాజధానిలో నేనొక్కణ్ణే. అంతేకాదు, మా అటక మీద బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. దాని నిండా నేను ఇన్నేళ్ళుగా తెచ్చిన, ఎక్కడా పట్టని వాషర్లూ మరలూ కీళ్ళే. చెవి దగ్గర పెట్టుకుని తిప్పానన్న నట్టు కూడా అందులోనే ఉంది, కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. కనకం దాన్ని 'మీ మ్యూజియం' అంటుంది.

ఇంతమంది ఇన్ని మాటలంటున్నా అక్క నవ్వలేదు. లేచి నిలబడింది.

"బాగానే ఉందిరా. వీధి చివర ఆటోలు తిరుగుతున్నాయేమో చూడు. చీకటి పడకముందే స్టేషన్లో ఉండాలి."

"రేపు గొళ్లెం వస్తుందక్కా."

"నీ రేపులు నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను."

సంచీ పిడి ఆవిడ చేతిలో ఉంది. ఆవిడకి దారి ఇవ్వడానికి కుండీని పక్కకి జరపాలి. వంగి, రెండు చేతులా అంచు పట్టుకుని ఎత్తాను. అంతే. నడుములో ఏదో పట్టేసింది. "అమ్మా" అని అలాగే ఉండిపోయాను, సగం వంగి, కుండీలో తల పెట్టినట్టు. పైకి లేవలేను, కిందికి వాలలేను.

"కదలకు" అంది అక్క. సంచీ నేల మీద పెట్టింది. "సాంబయ్యా, ఆ పక్కన పట్టుకో. కనకం, నువ్వుల నూనె వేడి చెయ్యి. ఇటుక ఉంటే పొయ్యి మీద పెట్టు. ఏడ్చినట్టుంది నీ తెలివి, మొక్క లేని కుండీ మోసుకొచ్చే వయసురా ఇది? ఎక్కడ పట్టింది?"

"కుడివైపు అక్కా."

బోర్లా పడుకోబెట్టి నూనె రాసి, గుడ్డలో చుట్టిన వేడి ఇటుకతో కాపడం పెట్టింది. పెడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. తిట్లలో ప్రతి వాక్యానికీ ఒక "ఒరేయ్" ఉంది. రైలు వేళ దాటిపోయింది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నూనె జిడ్డు పోయేలా స్నానం చేస్తానని అక్క లేచింది. ఆడవాళ్ళిద్దరూ కలిసి కుండీని స్నానాలగది గుమ్మందాకా దొర్లించారు. లోపలికి లాక్కుని అక్క తలుపుకి అడ్డం పెట్టుకుంది. చెంబు చప్పుడు తీరుబడిగా వినిపించింది. కాపలా లేదు. బయటికి వచ్చి, "సాంబయ్య చెప్పింది నిజమేరా, ఏనుగొచ్చినా తెరుచుకోదు" అంది. ఆ రాత్రి సంచీ మంచం కిందికి దిగింది.

మర్నాడు దుర్గేష్ కొట్టు తెరిచాక సాంబయ్యే వెళ్ళి అసలు కుండి తెచ్చి బిగించాడు. బారుగా, గట్టిగా, సరిగ్గా ఆరించులుంది. అక్క ఆ కుండీలో కరివేపాకు వేసింది. రాష్ట్రం విడిపోయింది. కరివేపాకు తలుపంత ఎత్తయింది. అక్క ఇక్కడే ఉంది. నేను మళ్ళీ ఏదైనా సామాను కోసం బయల్దేరితే, "ముందు సాంబయ్యని అడిగి వెళ్ళరా" అంటుంది. నా నడుముకి మాత్రం వారానికోసారి నూనె తప్పదు. ఒకసారి మరిచిపోయి ఎడమవైపు పట్టుకుని మూలిగాను. అక్క తన చేతిని కుడివైపు నుంచి ఎడమవైపుకి జరిపింది.

ఇక కల్పించింది ఏదో చెప్తానన్నాను కదా. వ్యాను నిజం. వేపకొమ్మ నిజం. దండం పెట్టిన పెద్దాయన నిజం, ఆయన ఇప్పుడు కనిపించినా గుర్తుపడతాను. ఆ రోజు నా నడుము పట్టెయ్యలేదు. అది ఈ కథ రాస్తూ కల్పించింది కూడా కాదు. గుమ్మంలో, అక్క చేతిలో సంచీ చూసి, వంగినవాణ్ణి వంగినట్టే ఉండి, అప్పటికప్పుడు కల్పించింది.